ఫిట్టా, అన్‌ఫిట్టా?

మా గోదావరిఖనిలో ‘అన్‌ఫిట్’ అనేది శుభవార్త. గనిలో పనిచేసే తండ్రి ఇక డ్యూటీకి పనికిరాడని వైద్యులు తేల్చితే, ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి దక్కే వీలుంటుంది. నర్సింగం నడుము దెబ్బతిని అన్‌ఫిట్ అయిన సాయంత్రం వాడకట్టంతా అభినందించడానికి వచ్చింది.

“ఏం నర్సింగం కాకా, అన్‌ఫిట్ అయితివట! మిఠాయేది?” అని పక్కింటి మల్లక్క అడిగింది. మంచం మీద అటూ ఇటూ మసలలేకపోతున్న మనిషి కూడా నవ్వాడు.

ఆ ఉద్యోగం చిన్నకూతురు మమతకు రావాలి. అందుకు ఆమె కంపెనీ వైద్య పరీక్షలో ‘ఫిట్’ కావాలి. చిక్కు అక్కడే వచ్చింది. మమత తల్లి, చిన్నమ్మ ఇద్దరూ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. అక్క రమకూ అదే వచ్చి చికిత్స నడుస్తోంది. రమ రక్తపరీక్షలో వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం ఉందని హైదరాబాదు వైద్యురాలు కనుగొని, చెల్లెలికీ పరీక్ష చేయించమన్నారు. మమతకూ అది ఉండే అవకాశం సగానికి సగం.

“చేయించుకుంటే రికార్డుకెక్కుతది సారూ. కంపెనీ డాక్టరుకు తెలిస్తే నన్ను అన్‌ఫిట్ చేస్తరు” అంది మమత, చిన్నప్పుడు తనకు పాఠాలు చెప్పిన నాతో.

ఎవరు చెప్పారని అడిగాను. బావ సంపత్ చెప్పాడట. సంపత్‌ను అడిగితే షిఫ్టులో ఎవరో అన్నారన్నాడు. ఆ ఎవరో బెల్లంపల్లిలో ఒక అమ్మాయికి అలా జరిగిందని విన్నాడట. ఆ అమ్మాయి పేరు ఎవరికీ తెలియదు. ఇది సాక్ష్యం కాదు. అయితే ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. వైద్యుడి సంతకంతో ఇంటి బతుకు మారిపోయే ఊళ్లో మనుషులు వైద్యుడి ముందే దాపరికం నేర్చుకుంటారు. దగ్గు ఉన్నవాడు లేదనడం, లేనివాడు దగ్గడం, ఇక్కడ రెండూ చూశాను.

కంపెనీ నుంచి పిలుపు రాలేదు. నెలలు గడిచేకొద్దీ మమతకు కుదురు తప్పింది. స్నానానికి వెళితే ఒక పట్టాన బయటకు రాదు. వేళ్లతో తడుముకొని, గడ్డ లేదనుకొని, బట్టలు కట్టుకున్నాక మళ్లీ తలుపు వేసుకుంటుంది. కడిగిన గిన్నెలే కడుగుతుంది.

ఒకనాడు నేను వాళ్లింట్లో ఉండగానే రమకు ఓపిక నశించింది. తల రుమాలు సర్దుకుంటూ, “కూసోవే జర! నీ తిరుగుడుకు నాకు కండ్లు తిరుగుతున్నయి” అంది.

“నౌకరి వచ్చినంక చేయించుకుంట అక్కా.”

“అవ్వ గిట్లనే అన్నది. నా పెండ్లయినంక సూపిచ్చుకుంట అన్నది. పెండ్లికి ఉన్నదా?”

తల్లి మాట ఎత్తగానే మమత తిరగడం ఆపి నిలబడింది.

“నౌకరి పోతే నా మిషన్ మీద కూసొని జాకెట్లు కుట్టు. నీకు కుట్టుడు రాదు, అది వేరే ముచ్చట.”

ఏడుస్తూనే మమత నవ్వింది. ఆ వారమే ఇద్దరూ హైదరాబాదు వెళ్లారు.

లోపం మమతలోనూ ఉందని తేలింది. ఇప్పుడు జబ్బు లేదు, వచ్చే ప్రమాదం మాత్రం ఎక్కువ, ఏటా స్కానింగు తప్పదు, ఆపరేషన్ సంగతి నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు అని వైద్యురాలు వివరించారు. అంతా విని మమత ఒకటే అడిగింది:

“ఫిట్టా, అన్‌ఫిట్టా మేడం?”

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. మా ఊరి సంగతంతా రమ విప్పి చెప్పవలసి వచ్చింది.

“జబ్బే లేని మనిషిని అన్‌ఫిట్ అని నేనెలా అంటానమ్మా? ఈ ఫలితం మీకే చెబుతున్నాను. మీరు ఒప్పుకోకుండా ఎవరికీ పంపను” అన్నారామె.

తరువాత జరిగిన కంపెనీ పరీక్షలో కళ్లు, చెవులు, బీపీ చూశారు. తల్లి దేనితో పోయిందని ఎవరూ అడగలేదు. అంతమాత్రాన ఎవరినీ ఎన్నడూ అడగరని నేను చెప్పలేను.

మమత ఇప్పుడు వర్క్‌షాపులో పనిచేస్తోంది. మొదటి స్కానింగుకు సెలవు అడిగితే, సూపర్‌వైజరు బిక్షం నలుగురి ముందూ కారణం అడిగాడట. కడుపునొప్పి అందామని ఇంటి దగ్గరే అనుకొని వెళ్లింది.

“మా అవ్వ, చిన్నమ్మ క్యాన్సర్‌తోటి పోయిండ్రు. మా అక్కకున్నది. నాకు రాకముందే సూపిచ్చుకోవాలె, అన్నా” అంది.

బిక్షం ఆమెను ఎగాదిగా చూసి, “పో మరి” అన్నాడు. ఆ మాట అక్కడినుంచి ఎంతదూరం పోతుందో మమతకు తెలియదు. స్కానింగుకు మాత్రం వెళ్లింది.