రామకిషన్ సేటు హిమాలయాలు

హిమాలయాల గురించి రామకిషన్ సేటుకు తెలిసినంత నాందేడ్ బట్టల బజారులో ఇంకెవరికీ తెలియదు. ఆయన రైలెక్కి పక్కనున్న ఉమ్రి కన్నా దూరం పోవడం మాత్రం నేను చూడలేదు. ఆయన దుకాణంలో బట్టలు మడతపెట్టే పని నాది.

పోయిన ఏడాది ఊళ్లో భూమి కంపించాక, ఒక కాలేజీలో భూగర్భ శాస్త్రం మేడం ఉపన్యాసం పెట్టారు. బల్లల మీద పరిచే గుడ్డ సేటు దుకాణానిదే. దానికి మరకలు పడకుండా చూసుకోవడానికి ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. మేడం రెండు బల్లలు ఆనించి, పైన గుడ్డ పరిచి, ఒక బల్లను ఇటు, ఇంకోదాన్ని అటు, అంచులు రాసుకునేలా జరిపింది. గుడ్డ ఏటవాలుగా మడతలు పడింది. భూమిలోని బీటకు రెండు పక్కలా నేల ఇట్లా జారితే, కొండల్లో రాతి పొరలు కూడా ఏటవాలుగానే ముడుచుకుంటాయని, ఆ మడతలకు అడ్డంగా నెర్రెలు విచ్చుతాయని చెప్పింది. తన గుడ్డకు ఇంత చదువుందని సేటుకు అప్పుడే తెలిసింది.

సేటుకు కొండలంటే హిమాలయాలే. అప్పటినుంచి జాకెట్ ముక్కకు వచ్చినవాళ్లకు కూడా గుడ్డ పరిచి ముందు వాటినే చూపించేవాడు. నేను మడతపెట్టిన తానులు కొండలై మళ్లీ నా దగ్గరికే వచ్చేవి.

ఆ చదువు అక్కరకొచ్చే రోజు రానే వచ్చింది. సేటు దుకాణానికీ, ఆయన అన్న వెంకట్రావ్ దుకాణానికీ మధ్య గోడ ఒకటే. అది నిలువునా పగిలింది, సరిగ్గా వెంకట్రావ్ కూర్చునే గద్దె పైన. కొత్త లైట్ల బోర్డు కోసం తమ్ముడు గోడను దొలిపించి ఇనుప రాడ్లు దిగ్గొట్టించడం వల్లనే ఇదంతా అని ఆయన గద్దెను వాకిట్లోకి ఈడ్చుకున్నాడు. గోడ కట్టించకపోతే తమ్ముడి గుమ్మం తొక్కనన్నాడు. సేటు మాత్రం అది భూమి చేసిన పనే అన్నాడు.

తగవు తేల్చడానికి వెంకట్రావ్ భార్య విమలాబాయి ఇద్దరినీ కూర్చోబెట్టింది. సేటు బల్లలు తెప్పించి, కొత్త తాను పరిచి జరిపాడు. మడతలు బాగా వచ్చాయి. నెర్రె రాలేదు. మరి అది గట్టి సరుకు, పొద్దున ఆయనే చెప్పి అమ్మాడు. మళ్లీ జరిపాడు. అందరూ చూస్తున్నారు. బట్టల దుకాణంలో కొలిచాక అంచుకు కత్తెరతో చిన్న గాటు పెట్టి చర్రున చింపుతారు. సేటు చెయ్యి అలవాటు కొద్దీ అదే పని చేసింది. గుడ్డ దారం వెంబడి నిలువునా చీలింది.

“చూసినవా అన్నా, గోడ గూడ గిట్లనే పగిలింది,” అన్నాడు.

వెంకట్రావ్ చిరిగిన చివర పట్టుకుని చూశాడు. “గిట్లనే పగిలింది తమ్మీ, ఒప్పుకున్న. మరి గోడకు గాటు పెట్టిందెవలు?”

విమలాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సేటు ఒకసారి లైట్ల బోర్డు వైపు చూసి, కత్తెరను మెల్లగా గుడ్డ కిందికి నెట్టాడు.

గోడ ఆయనే కట్టించాడు. వెంకట్రావ్ గద్దె లోపలికి పోయింది. హిమాలయాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు కొండలు చూపించేటప్పుడు సేటు కత్తెర ముట్టడు కాబట్టి గుడ్డ చిరగదు. నెర్రె ఏదని ఎవరైనా అడిగితే, “కొండలకు కోట్ల ఏండ్లు పట్టింది. కూసోండ్రి, చాయ్ చెప్త,” అంటాడు.