మావయ్య పాడని క్రిస్మస్

మా మావయ్యకి బజారు మలుపులో చిన్న సెలూన్ ఉంది. అక్కడ ఆయన కత్తెర కన్నా నోరే ఎక్కువ ఆడేది. మెడ మీద కత్తి ఉన్నంతసేపూ ఎవరూ ఎదురు చెప్పలేరు కదా, అదీ ఆయన ధైర్యం. వానల దగ్గర్నుంచి ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళ దాకా అన్నిటి మీదా తీర్పులిచ్చి, చివర్లో మెడ వెనక కాస్త పౌడరు అద్ది పంపేవాడు.

ఆదివారం మాత్రం అదే గొంతు చర్చిలో వేరేలా ఉండేది. పాటలు పాడే బృందంలో, అదే క్వయర్‌లో, వెనక వరసలో నిలబడి, పాటకి అడుగున మోగే బరువైన స్వరం పాడేవాడు. ఆయన లేకపోతే క్రిస్మస్ పాట తేలిపోతుందని అందరూ అనేవారు. అందరికంటే ముందు ఆయనే అనేవాడు.

మొన్న వానాకాలంలో గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, బతికిపోయాం అనుకున్నాం. గొంతు మాత్రం తిరిగి రాలేదు. పక్కనున్నవాళ్ళకి తప్ప వినబడని గుసగుసే మిగిలింది. పాట సంగతి మర్చిపొమ్మని డాక్టరు తేల్చి చెప్పాడు.

సెలూన్‌కి దీనివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. ఎదురింటి మాస్టారైతే కుర్చీలో సర్దుకుని కూర్చుని, "ఇన్నాళ్ళకి నాక్కూడా వంతొచ్చిందండీ!" అని తన మోకాళ్ళ నొప్పుల చరిత్రంతా ఏకరువు పెట్టారు. మావయ్య తలూపుతూ విన్నాడు. వినక చేసేదేముంది?

క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ మనిషి డీలా పడిపోయాడు. పండగ ముందురోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర, "రేపు నేను చర్చికి రాను" అన్నాడు. బల్ల అవతలున్న అత్తయ్యకి వినబడలేదు. నేనే అప్పజెప్పాను.

"ఎందుకు రారట?" అంది అత్తయ్య నన్నే చూస్తూ.

"దేవుడికి నేనిచ్చేది ఆ పాటొక్కటే. అది కూడా లేకుండా చేతులూపుకుంటూ ఎలా వెళ్ళనే?" అన్నాడు. ఆ మాటా నేనే అప్పజెప్పాను.

అత్తయ్య కంచం పక్కకి నెట్టి ఆయన వైపు తిరిగింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి క్రిస్మస్‌కీ మీరు ఆ వరసలో, నేను బెంచీ మీద ఒక్కదాన్నీ. ఒక్కసారి నా పక్కన కూర్చుంటే మీ సొమ్మేం పోయింది?"

మర్నాడు పొద్దున మావయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాకంటే ముందే గుమ్మంలో నిలబడ్డాడు.

చర్చిలో ఆయనకి అటు అత్తయ్య, ఇటు నేను. క్వయర్ వాళ్ళు వరసలోకి వెళ్తుంటే అలవాటుగా ఆయన కూడా సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

పాస్టరుగారు యేసు పుట్టిన కథ చదవడం మొదలుపెట్టారు. క్వయర్ వాళ్ళకి ఆ సమయమంతా కాగితాలు సర్దుకోవడానికీ గొంతు సవరించుకోవడానికీ సరిపోతుంది. ఇన్నేళ్ళ క్వయర్ మనిషి ఆ కథని ఆసాంతం చెవిపెట్టి వినడం బహుశా అదే మొదలు. చదవడం అయ్యాక నావైపు వంగాడు.

"ఏమే, యోసేపు ఒక్క మాటైనా మాట్లాడాడా ఇందులో?"

ఆలోచించాను. "లేదు మావయ్యా. దూత మాట్లాడాడు, గొర్రెల కాపరులు మాట్లాడారు. ఆయన మాట ఒక్కటీ లేదు."

"మరేం చేశాడు?"

"దూత చెప్పింది విన్నాడు. భార్యనీ పుట్టిన బిడ్డనీ చూసుకున్నాడు. అంతే."

"అంతేనా!" అన్నాడు. నెలల తరబడి బిగుసుకుపోయిన ఆ మొహం అప్పుడు కాస్త సడలింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వెనక్కి ఆనుకున్నాడు.

పాట మొదలైంది. జనమంతా అందుకున్నారు, అత్తయ్య కూడా. శ్రుతికీ మా అత్తయ్యకీ ఆమడ దూరం. స్వరం తప్పితే మావయ్య ఎవర్నీ వదిలే రకం కాదు, చిన్నప్పుడు నన్ను ఎన్నిసార్లు ఏడిపించాడో! ఆయన చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. అత్తయ్య టక్కున ఆపేసి, దొరికిపోయిన చిన్నపిల్లలా తల దించుకుంది. ఇంత మంచి రోజున కూడా సణుగుతాడేమోనని నాకు ఒళ్ళు మండింది.

మావయ్య ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆ హోరులో ఆయన గొంతు వినబడే ఆశే లేదు. పెదవులు చూసి నేనే అర్థం చేసుకున్నాను. "ఆపకు" అన్నాడు.

అత్తయ్య మళ్ళీ అందుకుంది, అందరికంటే ఒక మెట్టు పైన. మావయ్య కళ్ళు మూసుకుని, తల ఆవిడ వైపు వంచి, పాట అయ్యేదాకా ఆవిడ గొంతే విన్నాడు.