మా అప్ప జెల్లీ ఇడ్లీలు

మాంగో బస్తీలో మా పక్కింటి అప్ప పోయింది. నేను టెల్కో కాలనీలో చుట్టాలింట్లో ఉంటే మన తెలుగు సంఘం పెద్దమనిషి ఫోన్ చేశాడు. "అదేనయ్యా, ఆ జెల్లీలావిడ" అని కిసుక్కున నవ్వాడు. చావు కబురు నవ్వుతూ చెప్పేవాణ్ణి ఏమనాలో నా కొద్దిపాటి చదువుకి అందదు.

తోడబుట్టకపోయినా నాకు అప్పే. కొబ్బరిపాలు, పంచదార, జెల్లీని గడ్డకట్టించే చైనా గ్రాసు, ఈ మూడింటితో ఆవిడ ఆడని నాటకం లేదు. పాలజెల్లీ మీద మామిడిరసం జెల్లీ పెట్టి అచ్చం కోడిగుడ్డు అట్టులా చేస్తే, గుడ్డు కూడా ముట్టని వియ్యపురాలు కంచం వదిలి పరుగెత్తింది! సాక్చి బజారు బేకరీల ఎర్రజెల్లీని చూస్తే మూతి తిప్పేది: "గడ్డకట్టిన దగ్గుమందు. దానికి మళ్ళీ చెర్రీపండొకటి!"

శ్రీరామనవమి భోజనాల్లో ఓసారి ఇడ్లీల్లో తన జెల్లీ ఇడ్లీ ఒకటి కలిపింది. అది ఈ పెద్దమనిషికే పడింది. సాంబారు పోసుకుని తిన్నాడు.

"ఛీ! పెద్దోల్తో ఆటలేటి?" అని లేచాడు.

"నాలిక్కంటే గరిటె ముందు తొందరపడింది బాబూ, నానేటి సేసేది?" అంది అప్ప.

ఆ తర్వాత సంఘం వంటల్లో ఆవిణ్ణి చెయ్యి పెట్టనివ్వలేదు. మైకు దొరికితే గంటసేపు వదలని ఘనుడు, ఒక ఇడ్లీని క్షమించలేకపోయాడు!

షాపులో కౌంటరు ఉద్యోగం పోయి మా అమ్మాయి గదిలో తలుపేసుకుంటే, పలకరించడానికి ఈ ఘనుల్లో ఒక్కడూ రాలేదు. అప్ప వచ్చింది. "గదిలో కూకుని ఏటి సేత్తావే? రా, గరిటి తిప్పు" అని లాక్కుపోయింది. మా అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. జెల్లీల ఆర్డర్లు పడతానంది. జెల్లీ ఇడ్లీ కుదిరాకే పట్టమంది అప్ప.

"మెరిసిపోతందే! ఇడ్లీ మెరుత్తాదేటే ఎక్కడైనా? అద్దం సేసావు."

"బడీ మా, పాస్ కర్ దో నా!" పాస్ చేసెయ్యమని పెద్దమ్మని హిందీలో బతిమాలింది మా అమ్మాయి.

"పాస్ సెయ్యడానికి నానెవుర్తినే? ఒక్కడైనా సాంబారు పోసుకోవాల. అప్పుడు పాసు."

అది జరక్కుండానే ఆవిడ వెళ్ళిపోయింది. మా అమ్మాయి గది తలుపు మళ్ళీ పడింది.

పెద్దకర్మ నాటి పొద్దున్న ఆ తలుపు తెరుచుకుంది! అప్ప కొడుకుతో చెప్పే, టిఫిను ఇడ్లీల్లో తనవి కలిపింది మా అమ్మాయి. ఈసారి ఇడ్లీ రేకులో తడిగుడ్డ పరిచి పోసింది. గుడ్డ అచ్చు పడి మెరుపు చచ్చింది.

పెద్దమనిషి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. "మంచిదే పాపం. కానీ ముసిల్దానికి ఆ పిల్లాటలేటి?" అని పక్కవాడికి ఉపన్యాసం మొదలెట్టాడు. మాట ఆపకుండా, విస్తరి వంక చూడకుండా, సాంబారు గరిటె అందుకుని నిండుగా పోసుకున్నాడు.

మా అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "పప్పా! పాస్!"

చావింట్లో అంత సంతోషమేమిటని అడక్కండి. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాను, తండ్రిని కదా! పెద్దమనిషి గరిటె ఇంకా గాల్లోనే ఉంది. విస్తరిలో సాంబారు మడుగు. దాని మధ్యలో, చుక్క కూడా పీల్చుకోకుండా, మా అమ్మాయి ఇడ్లీ తెల్లగా ఊగుతోంది.