గ్రాముల అక్క

జూనియర్లంతా ఆమెను గ్రాముల అక్క అంటారు. కాలేజీల పోటీ కోసం కడుతున్న బుల్లి డ్రోన్‌లోకి ఏ ముక్క చేరాలన్నా ముందు ఆమె త్రాసు ఎక్కాల్సిందే. స్క్రూ తలలను ఆకురాయితో అరగదీస్తుంది, వైర్ల తోకలు కత్తిరిస్తుంది, వేళ్లకంటిన జిగురును గిల్లుకుంటూ మళ్లీ తూస్తుంది. మందుల పొట్లం మోసే ఆ డ్రోన్‌కు చట్రం గీసిందీ, మూడుసార్లు విరిగితే మూడుసార్లూ మళ్లీ కట్టిందీ ఆమే. తీరా పోటీ రోజున గోడకంటించిన జట్టు పట్టికలో ఆమె పేరుకెదురుగా ‘అలంకరణ, స్వాగతం’ అని ఉంది.

“ఇదేంట్రా?” అని కెప్టెన్‌ను నిలదీసింది.

“ఏదో ఒకటి రాయాలి కదా, వదిలెయ్యవే,” అన్నాడతను ఫోన్‌లోంచి తలెత్తకుండా.

ఆమె ముఖం జేవురించింది. ఇంతలో న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దావిడ, “చట్రం బరువు ఇంత తక్కువకు ఎలా తెచ్చారు?” అని అడిగింది. కెప్టెన్ అక్కవైపు చూశాడు.

“నన్ను చూస్తావేం? నేను స్వాగతం చెప్పేదాన్ని కదా! దయచేయండి మేడమ్,” అంది అక్క, పళ్లు బిగించి.

పెద్దావిడ పట్టిక చదివి, తన పెన్ను అందించింది. అక్క ఆ రెండు మాటలనూ కాగితం చిరిగేలా కొట్టేసి, పక్కన ‘రూపకర్త’ అని రాసింది. పెన్ను తిరిగిచ్చి, కెప్టెన్‌ను పక్కకు నెట్టి, డ్రోన్‌ను త్రాసు మీద పెట్టింది.