ఎనుగు వారి ఆడపడుచు

సుభద్రకు ఐదుగురు అన్నదమ్ములు. ఐదు పెళ్ళిళ్ళలోనూ కొత్త దంపతులను గుమ్మంలో ఆపి, ఒకరి పేరు ఒకరి చేత చెప్పించి, చీర చేతిలో పడేదాకా అడ్డు తొలగని ఆడపడుచు ఆవిడ. చిన్న తమ్ముడి భార్య సిగ్గుపడి పేరు గొణిగితే, వీధి చివర వాళ్ళకు కూడా వినబడేలా మూడుసార్లు చెప్పించింది. పిఠాపురంలో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారని ఆవిడ నమ్మకం.

న్యూజీలాండ్ వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. కాపురం లోవర్ హట్‌లో. భర్త మధుబాబు రోజూ రైలెక్కి వెల్లింగ్టన్ వెళ్ళి కంప్యూటర్ ఉద్యోగం చేసుకొస్తాడు. సుభద్ర ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను చూసుకుంటుంది. దేనికీ లోటు లేదు గానీ, ఈ దేశంలో ఆవిడ ఆడపడుచుతనానికి పని లేకుండా పోయింది. మేనల్లుళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఫోనులోనే చూసింది. ఫోనులో గుమ్మానికి అడ్డం నిలబడటం ఎవరి వల్లా కాదు.

అదే ఆశ్రమంలో నర్సు ఇఫెయోమా. వాళ్ళు ఇగ్బోలు, నైజీరియాలో ఎనుగు అనే ఊరివాళ్ళు. ఆ ఊరి పేరు విన్నప్పుడల్లా మధుబాబు "ఏనుగా?" అంటాడు. పదేళ్ళుగా అదే జోకు. సుభద్ర ఒక్కసారీ నవ్వలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఇఫెయోమా భోజనం డబ్బా మూత కూడా తీయకుండా దిగాలుగా కూర్చుంది. కూతురు అడాయెజే డునెడిన్‌లో డాక్టరు. గొర్రెలు పెంచే రైతు కొడుకు క్యాలంతో పెళ్ళి కుదిరింది. అంతా బాగుందనుకుంటుండగా, ఇఫెయోమా భర్త ఒబిన్నా అక్కగారికి ఎనుగులో మోకాలి ఆపరేషన్ జరిగింది. ఆవిడ రాలేదు.

"ఆవిడ రాకపోతే పెళ్ళి ఆగుతుందా ఏంటి?" అంది సుభద్ర.

"ఆగదు. కానీ ఇంటి ఆడపిల్లలు ఉండాలి. ఉమువాడ అంటాం మేము. పెళ్ళయి ఎక్కడికి వెళ్ళినా సరే, పుట్టింటికొచ్చి కూర్చున్నారంటే అన్నదమ్ములు గొంతు తగ్గించాల్సిందే. నాలాంటి కోడళ్ళ సంగతి సరేసరి. పిల్లనడగడానికి వచ్చినవాళ్ళు ముందు వాళ్ళను మెప్పించాలి. ఇక్కడ మావారి వైపు ఆడపిల్ల ఒక్కతీ లేదు."

సుభద్ర పెరుగన్నం చెంచా గాల్లోనే ఆగిపోయింది. "అంటే ఆడపడుచే కదా!" అని తెలుగులో అనేసింది.

ఆ మాటకు అర్థం విన్నాక, ఆ చోట నువ్వు నిలబడతావా అని ఇఫెయోమా అడిగింది. ఆ ఆదివారం వీడియో కాల్లో ఇంటర్వ్యూ జరిగింది. ఒబిన్నా అక్క ఉజోమాకా దిండు మీద కాలు చాపుకుని, తలకు పచ్చటి గుడ్డ చుట్టుకుని, జడ్జిగారిలా చూసింది.

"అన్నదమ్ములెంతమంది?"

"ఐదుగురు."

"నువ్వంటే భయముందా?"

"పెద్దవాడికి అరవై దాటాయి. నన్నడగకుండా ఇంటికి రంగు వేయించడు."

"నన్ను కూడా అడగమను, సాక్ష్యం చెబుతాను" అన్నాడు వెనక నుంచి మధుబాబు. సుభద్ర వెనక్కి తిరిగి చూసేసరికి గదిలో లేడు.

"కానుకలు తీసుకోవడం ఒక్కపూట పని" అంది ఉజోమాకా. "అసలు పని తర్వాత ఉంటుంది. ఆ ఇంట్లో గొడవొస్తే, తప్పు పిల్లదైనా పిల్లాడిదైనా, వెళ్ళి కూర్చునేది మనమే. తేలేదాకా లేవకూడదు. కూర్చోగలవా?"

"కూర్చోవడంలో నాకు తిరుగు లేదండీ."

ఉద్యోగం వచ్చేసింది. ఒబిన్నా తమ్ముడయ్యాడు. పదేళ్ళ స్నేహితురాలు ఇఫెయోమా రాత్రికి రాత్రి మరదలైపోయింది. మంగళవారానికల్లా సుభద్ర ఆవిడ టీలో పంచదారను, తలకట్టును, కూతురికిచ్చిన చనువును విచారించడం మొదలుపెట్టింది. ఈ పని అడిగి తప్పు చేశానా అని ఇఫెయోమా లోలోపల అనుకుంది గానీ, ఆడపడుచుకు ఎదురు చెప్పే ఆచారం వాళ్ళలోనూ లేదు.

పెళ్ళిరోజు సుభద్ర కంచిపట్టు చీర కట్టి, తలకు ఎర్రటి గుడ్డ పెద్ద పువ్వులా చుట్టించుకుని హాలు గుమ్మంలో నిలబడింది. మగపెళ్ళివారు ఐదు కార్లలో దిగారు. అందరూ ఆరడుగుల మనుషులే, అందరివీ ఎర్రజుట్లే. పెండలాలు, తాటికల్లు సీసాలు, ఐసు పెట్టెలో ముక్కలు కొట్టించిన గొర్రె మాంసం మోసుకొచ్చారు. సుభద్ర రెండు చేతులూ చాచి ద్వారబంధం పట్టుకుంది.

ఒబిన్నా పరుగున వచ్చాడు. "అక్కా, ఇది మన ఆచారంలో లేదు."

"ఇప్పుడుంది. నువ్వెళ్ళి కూర్చో." పెళ్ళికొడుకు వైపు తిరిగి, "పిల్ల పేరు చెప్పి లోపలికి రా నాయనా" అంది.

"అడా" అన్నాడు క్యాలం, చెవులు ఎర్రబడుతుండగా.

"సగం పేరుకు సగం గుమ్మమే."

"అడాయెజే" అన్నాడు. వినబడలేదంది. ఈసారి అతను అరిచిన అరుపుకు కారు పార్కులో కుక్క మొరిగింది. హాలంతా చప్పట్లు.

తర్వాత తండ్రి గ్రాహం వంతు. వారానికి పది మాటలు మాట్లాడే మనిషి. "మీరెందుకొచ్చారు?" అని సుభద్ర నిలదీసింది. ఆయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"మీ అమ్మాయి మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజు ఒక గొర్రె ఈనలేక అవస్థ పడుతోంది. ఈ పిల్ల మంచి బట్టలతోనే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పురుడు పోసింది. అప్పట్నుంచీ మా ఆవిడ, ఈ పిల్ల మా ఇంటి పిల్లే కావాలంటోంది. నాదీ అదే మాట."

సుభద్ర దగ్గర మరో నాలుగు ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ మానేసి పక్కకు తప్పుకుంది.

ఇక కల్లు పంచే ఘట్టం. తండ్రి కప్పు నింపి కూతురి చేతిలో పెడతాడు. ఆ అమ్మాయి మగవాళ్ళ మధ్య దాగిన పెళ్ళికొడుకును వెతికి, ముందు మోకరిల్లి కప్పు అందించాలి. దారిలో తక్కిన మగవాళ్ళు "ఇటు, ఇటు" అని పిలిచి ఆటపట్టిస్తారు. మధుబాబు బస్సు ఆపేవాడిలా రెండు చేతులూ ఊపాడు. సుభద్ర ఒక్క చూపు చూసింది. చేతులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

క్యాలం అన్నదమ్ముల వరసైన పదకొండుమంది ఎర్రజుట్టు కుర్రాళ్ళ నడుమ నక్కి ఉన్నాడు. అడాయెజేకు ఎప్పుడో కనబడ్డాడు. అయినా కావాలనే రెండుసార్లు పక్కనుంచి వెళ్ళిపోయింది. కుర్రాడి ముఖం పాలిపోయాక, వచ్చి మోకరిల్లింది. అతను ఒక్క గుక్కలో తాగి పొలమారాడు. సుభద్ర కళ్ళు తుడుచుకుని, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారంది. వంట ఎప్పుడో అయిపోయింది.

ఉమువాడ వాటాగా గొర్రె తొడ వచ్చింది. గుడ్డు వేశారేమోనని కేకు కూడా ముట్టని సుభద్ర దాన్ని రెండు చేతులా అందుకుంది. పదవి పదవే కదా.

ఆగస్టులో అడాయెజే ఫోన్ చేసింది. గొర్రెలు ఈనే కాలం కదాని, ఆరువారాలు పొలానికి వస్తానని క్యాలం తండ్రికి మాటిచ్చేశాడట. భార్యను అడగలేదు. కోపమొచ్చి ఈ పిల్ల ఆక్లండ్‌లో రెండు నెలల శిక్షణకు పేరిచ్చేసింది. భర్తకు చెప్పలేదు. మాటల్లేక నాలుగు రోజులు.

"చిన్నపిల్లలేం కారు సుభద్రా, వాళ్ళే తేల్చుకుంటారు" అన్నాడు మధుబాబు.

"ఎవరు కాదన్నారు? నేను వెళ్ళి కూర్చుంటానంతే" అని సుభద్ర విమానమెక్కింది.

మొదటి రోజు సోఫాలో కూర్చుని ఇద్దరి మాటా విన్నది. తీర్పు చెప్పింది. అతను మూడువారాలే వెళ్ళాలి. ఆమె శిక్షణ వచ్చే ఏడాదికి మార్చుకోవాలి. ఇకమీదట ఒకరినొకరు అడగకుండా ఎవరికీ మాటివ్వకూడదు. ఇద్దరూ సరేనన్నారు గానీ ముఖాలు విచ్చుకోలేదు. అందుకని సుభద్ర లేవలేదు.

రెండో రోజు వాళ్ళ వంటిల్లు సర్దింది. పోపుల డబ్బా పెట్టించింది. క్యాలం తువ్వాలు మడత తప్పని, అడాయెజే లేచే వేళ తప్పని చెప్పింది. మూడో రోజు పొద్దున హాల్లో ఉండగా వంటింట్లోంచి గుసగుసలు వినబడ్డాయి.

"టికెట్ ఎప్పటికో నువ్వడుగు."

"మీ అత్త కదా, నువ్వే అడుగు."

ఆ వెంటనే, నోళ్ళు మూసుకున్నా ఆగని నవ్వు. వారం రోజులుగా మాటల్లేని ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

సుభద్రకు మనసు చివుక్కుమంది. పక్కగదిలోకి వెళ్ళి ఉజోమాకాకు ఫోన్ చేసి, పెట్టిన చేతినే కరుస్తున్నారని మొరపెట్టుకుంది. అవతల ఆవిడ దిండు జారేలా నవ్వింది.

"ఇద్దరూ ఒక్కటై నిన్ను సాగనంపాలని చూస్తున్నారా? మరి పని అయిపోయింది తల్లీ. ఇక లే."

సుభద్ర లేచి చీరలు మడత పెట్టుకుంది. పెట్టెను కారు దాకా వాళ్ళిద్దరూ పోటీపడి మోశారు.