ఒకటే వంట

జనాభా లెక్కల్లో కుటుంబమంటే చుట్టరికం కాదు, ఒకే వంట తినేవాళ్లు. శిక్షణలో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని ఆ ముక్క, తర్వాతి ఏడాది గరివిడి బస్సులో ఎక్కింది.

పక్క సీట్లో నడివయసు ఆవిడ, కాళ్ల దగ్గర బియ్యం బస్తా. నేను బడిపంతులినని, ఆ లెక్కలు రాశానని మాటల్లో తెలిసి నా వైపు తిరిగింది.

“ఒకింట్లో రెండు పొయ్యిలుంటే ఏటి రాస్తారు మేష్టారూ?”

“ఎవరి వంట వాళ్లదైతే రెండు కుటుంబాలని రాస్తాం.”

“మా ఇంటికి లెక్కలకొచ్చినాయన కూడా అదే అడిగినాడు. నాకూ మా తోడికోడలికీ పడక యేరేగా వండుకుంతన్నాం. అరుగు మీద మా అత్త కూకుని సెవొగ్గి ఇంతన్నాది. ఆవిడ ముందర రెండని సెప్పనేక, ఒకటే వంటని సెప్పీసినాను. ఆయన రాసుకెళిపోనాడు.”

“తర్వాత?”

“గవుర్మెంటోలకి అబద్దం సెప్తే ఊరుకుంతారేటి? ఆ సాయంత్రం నా పొయ్యి ఎలిగించనేదు. నా బియ్యం అట్టుకెళ్లి మా తోడికోడలి ఎసట్లో పోసీసినాను. అది గరిటెట్టి కలిపీసినాది. అప్పట్నించీ ఒకటే వంట.”

“అయితే మాటలు కలిశాయన్నమాట.”

“మాటలా? నేవు. మాటల సంగతి ఆయన అడగనేదు కదా!”

శ్రీకాకుళంలో బస్సాగింది. ఆవిడ లేచి బస్తాకి ఒక కొస పట్టుకుంది. దారంతా ఒక్కసారైనా వెనక్కి తిరగని ఇంకొకావిడ ముందు సీట్లోంచి లేచి వచ్చి, ఎటో చూస్తూ, రెండో కొస పట్టుకుంది.