నల్లబడని కాగితం

నర్సయ్య సార్ ఇక లేరు. "లక్ష్మక్కా, సార్ ల్యాబ్ మెట్ల మీద పడిపోయిండు, దవాఖానాకు తీస్కపోతున్నం" అని మా ఖమ్మం కాలేజీ అటెండర్ ఫోన్ చేసినప్పుడు నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఆ సాయంత్రం మా ఊరు తిరుమలాయపాలేనికి బస్సు దొరకదేమోనని, ఆయన్ని ల్యాబ్‌లో ఒంటరిగా వదిలి వెళ్లింది నేనే. గుండెపోటని డాక్టర్లు చెప్పారు. నేను నమ్మలేదు.

సార్ రసాయన శాస్త్రాచార్యులు, ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడి కుమారుడు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆయన జీవితకాల వ్యాసంగం. ప్రాణాంతకమైన ఆ వాయువునే మన దేహం లేశమాత్రంగా తయారుచేసుకుని, రక్తనాళాలను సడలించే సంకేతంగా వాడుకుంటుంది. దాన్ని ఒక అణువులో బంధించి, ఒంట్లోకి చేరాకే విడుదలయ్యే మందు చేయాలనీ, విడుదలైన చోట పచ్చగా వెలిగే రంగు ఒకటి కనిపెట్టాలనీ ఆయన తపన. "మూటగట్టి పంపుడు అల్కనే బిడ్డా. యాడ విప్పుకుంటదో చూసుడే కష్టం" అనేవారు.

జత లేనిదే ఫ్లాస్కు మూత తీయకూడదన్నది ఆయన నియమం. ఇద్దరిలో ఒకరు మాటిమాటికీ "వాసనొస్తుందా?" అని అడగాలి, రెండోవారు నోరు తెరిచి జవాబు చెప్పాలి. గుమ్మానికి లెడ్ అసిటేట్‌లో తడిపిన తెల్లకాగితం ముక్క వేలాడేది. ఆ వాయువు సోకితే అది నల్లబడుతుంది. మేం విద్యార్థులం చాటుగా ఆయన్ని 'భయం సార్' అని పిలుచుకునేవాళ్లం.

ఆయన దగ్గర పరిశోధనకు చేరిన కొత్తలో ఒకనాడు నేను సంబరంగా "లేదు సార్, వాసన మొత్తం పోయింది" అన్నాను. మరుక్షణం నా రెక్క పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చారు. వెనక్కి చూస్తే కాగితం నల్లగా ఉంది.

"పోయింది వాసన గాదు, నీ ముక్కు పనిజేస్తలేదు! ఇంకింత పీలిస్తే పాణం పోతది. గట్లనిపిస్తే జల్దీ ఉరకాలె, సమజైందా?"

"అవ్ సార్" అన్నాను. ఆయన నా రెక్క ఇంకా వదల్లేదు. మెల్లగా అన్నారు: "మా నాయన ఒక్కపారి జత లేకుంట బాయిల దిగిండు బిడ్డా. మళ్ల రాలే." ఆ తర్వాత నేనెప్పుడూ ఆయన్ని 'భయం సార్' అనలేదు.

అంత్యక్రియల మర్నాడు ల్యాబ్ తలుపు తీశాను. కాగితం నల్లగా ఉంటే ఆ పాపం నాదే. తల ఎత్తడానికి ధైర్యం చాలక గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఎత్తి చూశాను. తెల్లగా ఉంది. బల్ల మీద ఆయన నోట్‌బుక్ తెరిచి ఉంది. ఆఖరి పంక్తి ఇది: "లక్ష్మి ఊరికి పోయింది. జత లేదు. మూత తీయలేదు." అప్పుడు ఏడ్చాను.

గురువర్యా, మీ ప్రయోగం సగంలో ఆగింది. మీరు కలగన్న ఆ రంగు ఇంకా వెలగలేదు. రోజూ గుండె చిక్కబట్టుకుని ఫ్లాస్కు ముందు నిలబడుతున్నాను. అలవాటు కొద్దీ "వాసనొస్తుందా?" అని అడుగుతున్నాను. జవాబు రాదు. మూత తీయకుండానే తలుపేసి వచ్చేస్తున్నాను.